మెటల్ తెలిసినవాడు హార్డ్‌కోర్‌కు సౌండ్ పెట్టిన రోజు

సౌండ్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను ముందు అడిగేది ఏ మిక్సర్ కొనాలని. ఆ పాట ఎవరిదో ముందు తెలుసుకోండి, మిక్సర్ సంగతి తర్వాత చూద్దామంటాను. వాళ్లకు ఈ జవాబు నచ్చదు. ముసలాయన వేదాంతం మొదలుపెట్టాడని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇది వేదాంతం కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. ఆ దెబ్బ సంగతే ఇక్కడ రాస్తున్నాను. మైకు పనిలో నా అంతటివాడు పాతబస్తీలో మరొకడు లేడని అప్పుడూ అనుకున్నాను, రిటైరయ్యాక ఇప్పుడూ అనుకుంటున్నాను. ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం మినహాయింపు.

మా దుకాణం ఉస్మాన్‌గంజ్‌లో, ఎండుమిర్చి గోదాము పైన మొదటి అంతస్తులో ఉండేది. మెట్లెక్కి వచ్చే ప్రతివాడూ ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాతే బేరంలోకి దిగేవాడు. పెళ్లిళ్లు, బోనాలు, ఊరేగింపులు, చర్చి పండుగలు, పార్టీల సభలు, అన్నింటికీ మా మైకులు, మా బాక్సులే వెళ్లేవి. లైట్లు చూసే భాయ్ నాతోనే ఉండేవాడు. ముప్పై ఏళ్లు ఇద్దరం ఒకే ట్రాలీ ఆటోలో తిరిగాం. ఆయన నా కంటే తక్కువ మాట్లాడతాడు, నా కంటే ఎక్కువ గమనిస్తాడు. ఈ మాట ఆయన ముందు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఒకసారి మూఢాల్లో, పెళ్లిళ్లు లేక బాక్సులు దుమ్ము పట్టి ఉన్నప్పుడు, ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు నలుగురు వచ్చి మెటల్ రాక్ వాయిస్తాం, సౌండ్ పెడతారా అని అడిగారు. పెట్టాను. మొదటిరోజు నా చెవులు గింగురుమన్నాయి. మూడోసారికి అందులో ఉన్న పనితనం అర్థమైంది. మెటల్‌లో గిటార్లు శ్రుతి బాగా దించి వాయిస్తారు. ఆ శబ్దం ఒక మందపాటి గోడలా నిలబడాలి. డ్రమ్మర్ రెండు కాళ్లతో కొట్టే దెబ్బలు దేనికది విడిగా, ఆవాలు చిటపటలాడినట్టు వినపడాలి. పాట అయిదారు నిమిషాలు నడుస్తుంది. మధ్యలో గిటార్ కుర్రవాడు ఒక్కడే ముందుకొచ్చి తన విద్యంతా చూపిస్తాడు. పాడేవాడి గొంతు ఆ గోడలో ఒక ఇటుక అంతే. మాటలు అర్థం కాకపోయినా ఎవరూ అడగరు. జనం కింద నిలబడి తలలు ఊపుతారు, పైన వాయించేవాళ్లను పూజగా చూస్తారు. నాకు ఈ ఏర్పాటు నచ్చింది. ఎవరి చోట్లో వాళ్లుంటారు. రెండేళ్లలో పిల్లలు నన్ను మెటల్ అంకుల్ అని పిలవడం మొదలుపెట్టారు. పైకి విసుక్కున్నా, ఆ పేరు నాకు మహా ఇష్టంగా ఉండేది.

ఆ పేరు వినే ఒక అమ్మాయి మా మెట్లెక్కింది. వెంట ఆమె బృందంలో డ్రమ్ములు వాయించే కుర్రవాడు ఉన్నాడు. తుమ్ములయ్యాక విషయం చెప్పింది. ఆమె మలక్‌పేటలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున ఆరింటినుంచి వరసలో కూర్చున్నవాళ్లకు సూది గుచ్చి రక్తం తీయడం ఆమె ఉద్యోగం. సాయంత్రాలు సైదాబాద్‌లో ఒక గదిలో నలుగురూ కలిసి పాటలు కడతారు. పాడేది ఆమె. ఒక ఆదివారం పగలు ఫంక్షన్ హాలు దొరికిందని, ఆ రోజు సౌండూ రికార్డింగూ రెండూ నేనే చూడాలని అడిగింది. అప్పటికే ఆమె గొంతు చిరిగిన కాగితంలా ఉంది. జలుబు చేసిందా అన్నాను.

"జలుబు గాదంకుల్. గొంతుల కాయలు లేచినయట. షో అయినంక మూడో రోజు ఆపరేషన్. మాటకు ఏం గాదన్నడు డాక్టర్. గని గిట్ల అరిచి పాడుడు మల్ల వస్తదో రాదో చెప్పలేనన్నడు. మా పాటలు ఇంతవరకు ఒక్కటి గూడ మంచిగ రికార్డు చేసుకోలే. గీ ఒక్క రోజు దొరికితే సాలు."

అంత మాట విని ఎవరైనా ఏం చేయాలి? వాళ్ల పాట ఒకటి పెట్టించుకుని వినాలి. నేను వినలేదు. ఫికర్ చేయకు బిడ్డా, మెటల్ నా కంటే మంచిగా ఎవరు చేస్తారిక్కడ అన్నాను. మాది మెటల్ కాదంకుల్, హార్డ్‌కోర్ అంది. రెండూ ఒకటే లొల్లి కదా అని నవ్వాను. ఆమె ఓపిగ్గానే చెప్పబోయింది. ఇది పంక్ రాక్‌లోనుంచి వచ్చిందని, దాని కంటే వేగంగా, కోపంగా ఉంటుందని, మాటలే ముఖ్యమని, జనం కూడా పాడతారని ఏదో అంటోంది. నేను తల ఊపుతూ గోడమీద క్యాలెండర్‌లో తారీఖు చుట్టూ గీత గీస్తున్నాను. జనం పాడతారంటే, ఏ షోలోనైనా చివర్లో నాలుగు కేకలు వేస్తారు కదా, అదే అనుకున్నాను. హాల్లో వినపడేదే నేరుగా రికార్డవుతుంది, తర్వాత అతుకులు వేసే పని ఉండదు, నా పద్ధతి అది అని గొప్పగా చెప్పి పంపించాను. అతుకు వేయడానికి వీలు లేకపోవడం గొప్ప ఎందుకవుతుందో ఆ రోజు నాకే తెలియాలి.

ఇక్కడ మా పాతబస్తీ మైకువాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. పర్మిషన్ కాగితంమీద సంతకం సెట్టు వాడిది, అంటే మైకులూ బాక్సులూ అద్దెకిచ్చేవాడిది. మైకులో ఎవడేం వాగినా స్టేషన్‌కు పోయేది ముందు సెట్టు వాడే. నేను పనిలోకి వచ్చిన కొత్తలో ఒక ఊరేగింపులో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు మైకు లాక్కుని అనకూడని మాటన్నాడు. ఒకే ఒక్క మాట. అరగంటలో రెండు గల్లీల జనం రాళ్లతో ఎదురెదురుగా నిలబడ్డారు. అదృష్టం బాగుండి ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. నేను మాత్రం మర్నాటి దాకా స్టేషన్ బల్లమీద కూర్చున్నాను. నా ఆంప్లిఫయర్లు నాలుగు నెలలు అక్కడే మూలుగుతూ పడి ఉన్నాయి. ఆ తర్వాతినుంచి తెలియని చెయ్యి మైకుమీద పడిందంటే నా వేలు మ్యూట్ బటన్‌మీద పడుతుంది. కన్ను చూస్తుంది, వేలు నొక్కుతుంది. మధ్యలో బుర్రతో పని లేదు. ఈ వేలివల్ల ఎన్ని గొడవలు తప్పాయో నాకు తెలుసు. ఇప్పటికీ దాన్ని తప్పు పట్టను.

ఆ ఆదివారం హాల్లో సాయంత్రం పెళ్లి ఉంది. స్టేజీమీద అప్పటికే ప్లాస్టిక్ పూల కమాను కట్టారు. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర సోఫాను మేమే ఒక పక్కకు జరిపాం. భోజనాల దగ్గర వరస కోసం పెట్టే స్టీలు కడ్డీలను తెప్పించి, స్టేజీకి ఆరడుగుల దూరంలో అడ్డం పెట్టించాను. మెటల్ షోలో అట్లా పెట్టాలి. ఆ అమ్మాయి వాటిని చూసి ఇవెందుకంకుల్ అంది. నీ మంచికేనన్నాను. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. ఆయన చెవుల్లో దూది ముందే ఉంది.

ఆ రోజు వాయించేవి మూడు బృందాలు. మొదట మెటల్ పిల్లలు వాయించారు. నా చేతుల్లో ఎట్లా మోగాలో అట్లా మోగింది. రెండో బృందం మెటల్‌కూ హార్డ్‌కోర్‌కూ మధ్యలో ఉండే రకం. గిటార్ల గోడ మెటల్‌దే. ఉన్నట్టుండి వేగం సగానికి తగ్గించి, హాలంతా ఒకేసారి కాలు తొక్కేట్టు కొట్టే దరువు మాత్రం హార్డ్‌కోర్‌నుంచి తెచ్చుకున్నది. అదీ బాగానే కుదిరింది. ఇంక మూడోదానికేముందని అన్నీ అట్లాగే ఉంచి చాయ్ తాగాను.

ఆ అమ్మాయి బృందం మొదలుపెట్టింది. గిటార్ సన్నగా ఉందే అని దాన్ని మందం చేయబోయాను. మందమయ్యేలోపు పాట అయిపోయింది. రెండోది మొదలైంది. డ్రమ్ముల దెబ్బలు విడివిడిగా వినపడేట్టు సర్దుతున్నాను, అదీ అయిపోయింది. ఒక్కో పాట నిమిషం, నిమిషమున్నర. ఒంటరిగా వాయించి విద్య చూపించేవాడెవడూ లేడు. విరామం లేదు. నాకు చిరాకు పుట్టింది. అయినా పట్టు వదల్లేదు. ఆమె గొంతు మరీ గరుకుగా ఉందని ఎకో వేశాను. గిటార్ల కింద కాస్త తోశాను, మెటల్‌లో గొంతు ఉండే చోట. నాలుగో పాటకల్లా నా లెక్క ప్రకారం హాలు అద్భుతంగా మోగుతోంది. జనం మొహాలు మాత్రం వాడిపోయాయి. కడ్డీల వెనక నిలబడి ఏమీ అర్థం కానట్టు చూస్తున్నారు. ఆమె ఏమంటోందో ఒక్క ముక్క వినపడితే ఒట్టు.

లైట్ల భాయ్ వచ్చి నా చెవి దగ్గర వంగాడు. "యే ఆర్కెస్ట్రా నై భాయ్, మర్ఫా హై," అన్నాడు.

మర్ఫా తెలియనివాళ్లు పాతబస్తీ బయట ఉంటారు కాబట్టి చెబుతున్నాను. పెళ్లి ఊరేగింపులో, బరాత్‌లో వచ్చే డప్పుల మేళం అది. దానికి స్టేజీ ఉండదు. వాయించేవాళ్లు నడిరోడ్డుమీద జనం మధ్యలో నిలబడతారు. చుట్టూ ఆడేవాళ్లు లేకపోతే ఆ మేళానికి అర్థమే లేదు. భాయ్ ఒక్క మాటలో మొత్తం విషయం చెప్పేశాడు. నేను లైట్లు చూసుకోమని ఆయన్ను పంపించేశాను.

అయిదో పాటలో అది జరిగింది. పాట సగంలో ఆ అమ్మాయి స్టేజీ దిగి, కడ్డీలమీద వంగి, మైకును జనంలోకి చాపింది. పది చేతులు దానిమీద పడ్డాయి. నా వేలు బటన్‌మీద పడింది. ముప్పై నలభై మంది నోళ్లు తెరిచి అరుస్తున్నారు, బాక్సుల్లో గిటార్లూ డ్రమ్ములూ తప్ప ఇంకేమీ లేదు. ఆమె మైకు వెనక్కి తీసుకోగానే తెరిచాను. తట్టి చూసుకుంది, మోగింది. మళ్లీ చాపింది. మళ్లీ మూసేశాను. ఈసారి ఆమె మైకు వైపు చూడలేదు. తిన్నగా నా వైపు చూసింది.

చెయ్యెత్తి బృందాన్ని ఆపింది. జనం దారి ఇచ్చారు. హాలు మధ్యనుంచి నడుచుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. ఆమెకు అరిచే శక్తి మిగల్లేదు.

"మైకు మీరు బంద్ చేస్తున్నరా అంకుల్?"

అవునన్నాను. తెలియనివాళ్ల చేతికి మైకు ఇవ్వడం కుదరదని, పర్మిషన్ నా పేరుమీద ఉందని, అదిగో తలుపు దగ్గర పోలీసు ఉన్నాడని చెప్పాను. నా మాటలో న్యాయం ఉంది. ఆమె అంతా విన్నది.

"మా పాటల సగం వాళ్లదే అంకుల్. నేనొక్కదాన్నే పాడితే అది మా పాట గాదు. ఇంగ నాకు రెండు మూడు పాటల గొంతే ఉంది. ఆఖరి పాట వాళ్లు అందుకోకుంటే నాతోటి గాదు. మీరు మైకు మూస్తే ఇయ్యాల్టితోటి నన్నే మూసినట్టు."

నాకు కోపం రాలేదు. భయమేసింది. స్టేషన్ బల్ల గుర్తొచ్చింది, ఆ ఊరేగింపులో రాళ్లు పట్టుకున్న చేతులు గుర్తొచ్చాయి. ఈ జనంలో ఎవడు ఎవడో నాకేం తెలుసు? ఒక్కడు ఒక్క మాటంటే చాలు. ఇంకోపక్క ఈ పిల్ల మూడోరోజు ఆపరేషన్ బల్లమీద పడుకుంటుంది. నాలుగు పాటల్లో ఆమె గొంతును నేను గిటార్ల కింద పూడ్చేశాను. అయిదో పాటను చేజేతులా చంపేశాను. నా పద్ధతి ప్రకారం వాటికి అతుకు వేసే వీల్లేదు. ఇంతకాలం పనిలో ఎప్పుడూ లేనంత సిగ్గేసింది.

వాళ్లు ఏం పాడతారు అని అడిగాను. ముందే అడగాల్సిన ప్రశ్న అది. ఆఖరి పాట తన ల్యాబ్ గురించేనంది. పొద్దున్నే వచ్చి టోకెన్లు పట్టుకుని కూర్చునేవాళ్లను అందరూ నంబర్లతో పిలుస్తారట. "నంబర్ కాదు, పేరుతో పిలువు" అనేది ఆ పాటలో జనం అందుకునే మాట. అంతేనా అన్నాను. అంతేనంది.

భాయ్ దూరంనుంచి నన్నే చూస్తున్నాడు. కడ్డీలు తీసేయించమని ఆయనకు సైగ చేశాను. గిటార్‌కు ఎక్కించిన మందమంతా తీసేసి దాని గరుకును దానికి ఇచ్చేశాను. డ్రమ్ముల చిటపట తగ్గించాను. బేస్ గిటార్ మోటుగా గణగణమంటుంటే అట్లాగే ముందుకు తెచ్చాను. ఎకో మొత్తం కోసేసి, గొంతును అన్నింటి కంటే పైన పెట్టాను. మెటల్‌లో ఇట్లా పెడితే పిల్లలు నన్ను కొట్టేవాళ్లు. ఆ తర్వాత రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నమ్మకంతో కాదు, నా వేలిమీద నాకు నమ్మకం లేక.

ఆరూ ఏడూ ఎనిమిదీ పాటల్లో ఆమె ప్రతి మాటా హాలు చివరిదాకా వినపడింది. నాకూ మొదటిసారి అర్థమైంది. తలలు ఊపేవాళ్లు ఎవరూ లేరు. అందరూ ఒకరినొకరు తోసుకుంటూ, పడినవాడిని వెంటనే లేపుతూ, స్టేజీ ఎక్కుతూ దూకుతూ ఉన్నారు. పైన ఎవరు, కింద ఎవరు అన్నది లేకుండా పోయింది. దాన్ని లొల్లి అనే అన్నాను కదా. ఆ లొల్లిలో ఎవడికీ దెబ్బ తగలకుండా చూసుకునే మర్యాద ఉందని కూర్చుని చూశాకే తెలిసింది.

ఆఖరి పాటకు జనమంతా స్టేజీమీదే ఉన్నారు. పెళ్లి సోఫాకు అడ్డంగా భాయ్ నిలబడ్డాడు. ఆ గుంపులో ఆమె నాకు కనపడలేదు. మైకు ఎవరి చేతిలో ఉందో కూడా తెలియదు. హాలు మొత్తం "పేరుతో పిలువు" అని అరుస్తోంది. కానిస్టేబుల్ లేచి నా దగ్గరికి వచ్చాడు. తొడల కింద చేతులను ఇంకా గట్టిగా అదుముకున్నాను. ఆయన చెవిలో దూది తీసి ఏమంటున్నరు వీళ్లు అని అడిగాడు. చెప్పాను. కాసేపు విన్నాడు. దవాఖాన్ల నన్ను గూడ నంబర్‌తోనే పిలుస్తరని చెప్పి వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. దూది మళ్లీ పెట్టుకోలేదు.

మూడు వారాల తర్వాత ఆమె దుకాణానికి వచ్చింది. ఆపరేషన్ బాగా జరిగింది. మాట తిరిగి వచ్చింది కానీ సన్నగా, మెత్తగా వచ్చింది. మామూలుగా మాట్లాడుకోవచ్చు, ఇంక ఎప్పటికీ అరవకూడదన్నారట. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. నేను చాయ్ తెప్పించాను.

రికార్డింగ్ పెట్టాను. మొదటి నాలుగు పాటలూ నా తప్పేనని వినిపించకముందే చెప్పేశాను. అయిదో పాటలో మైకు మూసిన చోట ఆమె నవ్వింది, చప్పుడు లేకుండా. తర్వాతి మూడూ కళ్లు మూసుకుని విన్నది. అవి బాగా వచ్చాయి. ఆఖరి పాట రాగానే నాకు పాత ధీమా తిరిగొచ్చింది. ఆ పాటను ఇంట్లో చాలాసార్లు విన్నాను. అందరి అరుపులమధ్య మైకుకు దగ్గరగా ఒక గొంతు ఉంది. మొదట్లో వణికి, పోనుపోను గట్టిపడి, చివరి మాట దగ్గర పగిలిపోతుంది. 

"గీడ విను బిడ్డా. మిగతా పాటలన్ని ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నీ గొంతు ఇంత మంచిగ ఎన్నడు రాలే," అన్నాను.

ఆమె వంగి విన్నది. వెనక్కి తిప్పి మళ్లీ పెట్టమంది. రెండోసారి విన్నాక నా వైపు తిరిగింది.

"గది నేను గాదంకుల్. మొదటి లైను కాడనే నా గొంతు పోయింది. మైకు పక్కకిచ్చి కింద కూసున్న. ఆఖరిదాకా నోరు ఇప్పలే."

మరి ఎవరు అన్నాను. తెల్వదంది. ఆ రోజు తన పక్కన ఎవరెవరు ఉన్నారో గుర్తు తెచ్చుకోవడానికి చూసింది, కుదరలేదు. అన్నేళ్లు గొంతులతో బతికిన నా చెవి, ఆ గొంతు ఆమెదేనని ఒట్టు పెట్టి చెప్పేది. ఎవరో పాడారు. ఆమె మాటలను, అచ్చం ఆమె పాడినట్టే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నావి మిర్చి ఘాటు అని చెప్పడానికి వీలుంది కాబట్టి నేను తుడుచుకోలేదు.

పాట చివరికి వస్తోంది. ఆ గొంతు పగలబోయే చోటు దగ్గరపడుతోంది.

"జర సౌండు పెంచుండ్రి అంకుల్," అంది.

పెంచాను.